బాబాయి కంచం విడిగా పెట్టకండి

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

చిన్నూ, బుజ్జీ,

నిన్న ఫోన్‌లో బుజ్జి అడిగింది, "నానమ్మా, బాబాయికి టీబీనా? పక్కింటి అత్త బాబాయి కంచం, గ్లాసు విడిగా పెట్టమంది" అని. వార్డులో అందరి మధ్య ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు బాబాయి నిద్రపోతున్నాడు, తీరిగ్గా రాస్తున్నాను. చిన్నూ, నువ్వు పదో తరగతి కదా, చెల్లికి అర్థం కాని చోట నువ్వు చెప్పు.

టీబీ కాదమ్మా. అసలు అంటుకునే జబ్బే కాదు. అత్తని తప్పు పట్టకండి. మన దగ్గర దగ్గులో రక్తం పడితే ఎవరికైనా ముందు టీబీయే గుర్తొస్తుంది. అందుకే మొదట కళ్ళె పరీక్ష చేయించారు, టీబీ లేదని వచ్చింది. తర్వాత నిమోనియా అనుకుని ఒక ఆసుపత్రిలో ఎనిమిది రోజులు యాంటీబయాటిక్స్ ఎక్కించారు. ఆ ఎనిమిది రోజుల్లో ఎవరూ మూత్రం పరీక్ష రాయలేదు. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసినదాన్ని, నాకూ తట్టలేదు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు. తొమ్మిదో రోజు పొద్దున బాబాయి బాత్రూమ్ నుంచి వచ్చి "అమ్మా, డికాక్షన్ రంగులో పడుతోంది" అన్నాడు. ఊపిరితిత్తుల్లోనూ రక్తమే, కిడ్నీల్లోనూ రక్తమే. అప్పుడు నాకు కాళ్ళు వణికాయి. సాయంత్రానికల్లా హైదరాబాద్ బయల్దేరాం.

ఈ జబ్బు పేరు గుడ్‌పాశ్చర్ సిండ్రోమ్. ఇప్పుడు డాక్టర్లు యాంటీ జీబీఎం వ్యాధి అని కూడా అంటారు. ఏడాదికి పది లక్షల మందిలో ఇంచుమించు ఒక్కరికి వస్తుంది. నా సర్వీసు మొత్తంలో ఇద్దరినే చూశాను.

చిన్నూ, నీ పుస్తకంలో కిడ్నీ పాఠం దగ్గర రక్తకేశనాళికాగుచ్ఛం, అంటే సన్నటి రక్తనాళాల చుట్ట, బొమ్మ ఉంటుంది చూడు, నెఫ్రాన్ మొదట్లో దారపు ఉండలా. అలాంటివి ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షలు. రోజుకి దాదాపు 180 లీటర్లు వడకట్టి, అందులో పనికొచ్చేదంతా మళ్ళీ రక్తంలోకి పంపి, లీటరున్నరో రెండు లీటర్లో బయటికి వదులుతాయి. ఆ వడకట్టే చోట ఒక పల్చటి పొర ఉంటుంది, మజ్జిగ వడకట్టే గుడ్డ లాంటిది. జీబీఎం అంటే ఆ పొరే. దాన్ని నేసిన దారం కొల్లాజెన్ అనే ప్రొటీను. అందులోనే ఒక ప్రత్యేక రకం దారం ఊపిరితిత్తుల్లోని వాయుగోణుల గోడల్లోనూ ఉంది. ఎక్కడి కిడ్నీ, ఎక్కడి ఊపిరితిత్తి! కానీ రెండు చోట్లా అదే దారం.

మన ఒంట్లో క్రిములు దూరితే వాటిని పట్టుకోవడానికి యాంటీబాడీలు తయారవుతాయి కదా. బాబాయి ఒంట్లో ఆ దారాన్నే శత్రువనుకుని యాంటీబాడీలు తయారయ్యాయి. ఇంటికి కాపలా పెట్టుకున్న కుక్క ఇంట్లోవాళ్ళనే కరిచినట్టు. బాబాయి కిడ్నీలోంచి సూదితో సన్నటి ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూశారు. ఆ ఫొటో డాక్టరమ్మ నాకు చూపించింది. చీకట్లో ఆకుపచ్చగా మెరుస్తూ, చెయ్యి ఎత్తకుండా వేసిన ముగ్గు గీతలా ఉంది. ఆ గీత పొడవునా ఉన్నవి యాంటీబాడీలేనట. చూడ్డానికి ఎంత అందంగా ఉందో! నా కొడుకు ఒంట్లో జరుగుతున్న అపకారం అదేనని నమ్మబుద్ధి కాలేదు.

బుజ్జి ఇంకోటి కూడా అడిగింది, సిగరెట్ వల్లనా అని. దాచను. బాబాయికి ఆరేడేళ్ళుగా సిగరెట్ అలవాటుంది. పైగా కార్లకు పెయింట్ కొట్టే షెడ్డులో పని, రోజంతా థిన్నర్ వాసన. ఆ రెండిటి వల్లే జబ్బు పుట్టిందని చెప్పలేం. కానీ కిడ్నీలో రక్తనాళాల లోపలి గోడకు సన్నటి చిల్లులుంటాయి, యాంటీబాడీలు తేలిగ్గా పొరను చేరతాయి. ఊపిరితిత్తుల్లో అలా కాదు, గోడ గట్టిగా మూసుకుని ఉంటుంది. పొగో, ఘాటు వాయువులో, ఇన్‌ఫెక్షనో ఆ గోడను దెబ్బతీస్తే అక్కడా దారి దొరుకుతుంది. అందుకే ఈ జబ్బున్నవాళ్ళలో సిగరెట్ తాగేవాళ్ళకి దగ్గులో రక్తం ఎక్కువగా పడుతుంది. ఇది బాబాయికి తెలుసు. మీరు మళ్ళీ అడిగి నొప్పించకండి.

గుడ్‌పాశ్చర్ అమెరికా డాక్టరు. 1918లో ప్రపంచమంతా ఫ్లూ వచ్చి లక్షలమంది పోతున్నప్పుడు, ఊపిరితిత్తుల్లో రక్తం కారి, కిడ్నీలు కూడా దెబ్బతిని చనిపోయిన 18 ఏళ్ళ అబ్బాయి గురించి ఆయన 1919లో రాశాడు. 1958లో ఆస్ట్రేలియా డాక్టర్లు ఆయన పేరు ఈ జబ్బుకి పెట్టారు. ఆయన చేసిన పెద్ద పని వేరే ఉంది. 1931లో కోడిగుడ్లలో వైరస్‌లను పెంచి చూపించాడు. ఆ దారిలోనే ఎన్నో టీకాలు వచ్చాయి. నాకైతే ఆయన పేరు ఆ పనికే ఉండాల్సిందనిపిస్తుంది.

ఒకప్పుడు ఈ జబ్బు వచ్చినవాళ్ళలో దాదాపు ఎవరూ బతికేవాళ్ళు కాదు. 1970లలో ప్లాస్మా మార్చే వైద్యం వచ్చాక పరిస్థితి మారింది. బాబాయికి అదే చేస్తున్నారు. మెడ దగ్గర పెట్టిన గొట్టంలోంచి రక్తం మిషన్‌లోకి వెళ్తుంది. కణాలు వెనక్కి వస్తాయి, ప్లాస్మా మాత్రం సంచిలోకి పోతుంది, పల్చటి నువ్వులనూనె రంగులో. యాంటీబాడీలు ఉండేది అందులోనే. దాని బదులు దాతల ప్లాస్మా, ఆల్బుమిన్ అనే ప్రొటీను ఎక్కిస్తారు. ఇప్పటికి ఏడుసార్లు అయింది, మొత్తం పద్నాలుగు అన్నారు. కొత్త యాంటీబాడీలు తయారు కాకుండా స్టెరాయిడ్లు, సైక్లోఫాస్ఫమైడ్ అనే గట్టి మందు ఇస్తున్నారు.

క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తంలోంచి బయటికి పంపాల్సిన ఒక వ్యర్థం. బాబాయికి వచ్చేటప్పటికి అది 4.8. మామూలుగా ఒకటికి అటూఇటూ ఉండాలి. బాగా పెరిగి డయాలసిస్ దాకా వెళ్ళాక వచ్చినవాళ్ళకి కిడ్నీలు కోలుకోవడం చాలా కష్టం. బాబాయి అంతదాకా పోలేదు. మొన్న 3.9, ఇవాళ 3.4. మూడు రోజులుగా దగ్గులో రక్తం లేదు. టెన్షన్ పూర్తిగా పోలేదు గానీ, ఇవాళ నేను కడుపునిండా అన్నం తిన్నాను. ఒకసారి తగ్గితే ఈ జబ్బు మళ్ళీ రావడం అరుదట. మీకూ వస్తుందేమోనని భయపడకండి, తండ్రి నుంచి పిల్లలకి వచ్చినట్టు వచ్చేది కాదు.

ఇంటికొచ్చాక మొహం ఉబ్బి గుండ్రంగా ఉంటుంది, స్టెరాయిడ్ల వల్ల. చూసి ఏడవద్దు, తర్వాత మామూలవుతుంది. ఆ మందుల వల్ల కొన్ని నెలలు బాబాయి ఒంట్లో రోగనిరోధక శక్తి తక్కువగా ఉంటుంది. బాబాయి జబ్బు మీకు రాదు, మీ జలుబే బాబాయికి ప్రమాదం. బడి నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి. ముక్కు కారుతుంటే మాస్క్ పెట్టుకుని దూరంగా కూర్చోండి. ఆ మాట పక్కింటి అత్తకి కూడా మెల్లగా చెప్పండి.

కంచం అటక మీద పెట్టారట, దించండి. బాగా తోమి, మన అందరి కంచాల పక్కనే బోర్లించండి.

రేపు ఎనిమిదోసారి. ఏడింటికే తీసుకెళ్తారు, ఇక పడుకుంటాను.

మీ
నానమ్మ