సురవరం ప్రతాపరెడ్డి గారి గురించి పిల్లలకు ఉత్తరం

హనుమకొండ

బిడ్డలారా,

తాత దీవెనలు. సురవరం ప్రతాపరెడ్డి గారు ఎవరని మొన్న ఫోన్‌లో అడిగారు. ఫోన్‌లో తెగే ముచ్చట కాదని ఈ ఉత్తరం.

ఆయన పుట్టింది 1896లో. సొంతూరు పాలమూరు వైపు ఇటిక్యాలపాడు. లా చదివినా మనసంతా తెలుగు మీదే. అప్పుడు మనది నిజాం రాజ్యం. కచేరీల్లో, బడుల్లో ఉర్దూదే పెత్తనం. అలాంటి రోజుల్లో, 1926లో, హైదరాబాదులో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. రాసేవాళ్లు దొరక్కపోతే మారుపేర్లతో తనే రాసి పేజీలు నింపేవారట.

ఇంతలో ఒక పెద్దమనిషి, తెలంగాణలో కవులే లేరన్నాడు. రెడ్డి గారికి అది గట్టిగా తగిలింది. కానీ తగువుకు దిగలేదు. మీ ఊళ్లో కవులుంటే వివరాలు, పద్యాలు పంపండని పత్రికలో అడిగారు. అలా వచ్చినవాటిని కూర్చి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అందులో 354 మంది కవులున్నారు! నాకైతే తెలుగులో ఇంతకు మించిన జవాబు కనిపించలేదు.

1949లో వచ్చిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ నాకు ప్రాణం. రాజులూ యుద్ధాలూ పక్కనపెట్టి, మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని వెతికారు. శాసనాలే కాదు, కావ్యాలు కూడా ఆయనకు సాక్ష్యాలే. మన పాలకుర్తి సోమన రచనలనూ, ఓరుగల్లు వీధులన్నీ తిప్పి చూపించే ‘క్రీడాభిరామం’నూ అందుకే అంత శ్రద్ధగా చదివారు.

ఆ క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్లింటి పద్యం ఒకటుంది. ఒక్క రూక ఇస్తే కప్పురభోగి బియ్యపన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుకునే వంటకాలు, గడ్డపెరుగు! మనం రోజూ తిరిగే ఈ ఊళ్లోనే. మనకది నోరూరించే పద్యం, ఆయనకు ఆనాటి ధరల పట్టిక కూడా.

ఆయన 1953లో పోయారు. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు సాహిత్య అకాడమీ అవార్డు 1955లో వచ్చింది. బతికుండగా అందలేదే అని నాకు ఇప్పటికీ బాధ.

సెలవులకు వచ్చినప్పుడు ముందు కాకతీయుల ప్రకరణం చదవండి. పద్యాల దగ్గర ఆగిపోతే పెన్సిల్‌తో గీత పెట్టండి, కూర్చుని చెప్తాను.

మీ తాత