టైడ్ చార్టులో మైనస్ ఉంటే సముద్రం ఎండినట్టా?

నా ఉద్యోగం ఓడలో, ఇల్లు హన్మకొండలో. కాజీపేటలో రైలెక్కి వైజాగ్ పోయే చుట్టాలు, దోస్తులు టైడ్ చార్ట్ (సముద్రం నీళ్లు ఏ టైముకు ఎంత పెరిగి తగ్గుతాయో చెప్పే పట్టిక) స్క్రీన్‌షాట్ పంపి "అన్నా, మైనస్ చూపిస్తోంది, పిల్లలతో పోవచ్చా?" అని అడుగుతుంటారు.

అపోహ: మైనస్ అంటే నీళ్లుండవు, సునామీకి సూచన కూడా కావచ్చు.

వాస్తవం: ఆ అంకె నీటి లోతు కాదు. ఎస్సారెస్పీ (పోచంపాడు దగ్గరి శ్రీరాంసాగర్ డ్యామ్) నిండితే 1,091 అడుగులు అని పేపర్లో వస్తుంది. పోచంపాడులో అంత లోతు నీళ్లున్నాయనా? కాదు, అది సగటు సముద్ర మట్టం నుంచి లెక్క. టైడ్ చార్టుకూ ఒక సున్నా ఉంటుంది. కాకపోతే అది సగటు మట్టం కాదు, ఆ రేవులో పాటు (సముద్రం నీళ్లు తగ్గడం; పెరిగితే పోటు) సమయంలో నీళ్లు దిగే మట్టానికి దగ్గరగా పెట్టుకున్న గీత. నీళ్లు ఆ గీత కిందికి పోతే మైనస్, అంతే. ఓడల చార్టులో 4 మీటర్ల లోతు రాసి ఉన్నచోట టైడ్ చార్టులో 1.2 ఉంటే 5.2 మీటర్ల నీళ్లుంటాయి, మైనస్ 0.3 ఉంటే 3.7. మా టెన్షన్ అంతా ఆ ముప్పై సెంటీమీటర్ల గురించే. ఓడ అడుగుకూ నేలకూ మధ్య మిగిలే జాగా అక్కడే తగ్గిపోతుంది.

ఈ సున్నా అన్ని దేశాల్లో ఒకటి కాదు. అమెరికాలో రోజువారీ పాట్లలో బాగా దిగేదాని సగటును సున్నా అంటారు, కాబట్టి అక్కడ మైనస్‌లు మామూలే. మన దేశంలో గీతను ఇంకా కిందికి పెట్టారు, అందుకే మైనస్ అరుదు. వైజాగ్‌కు మీ యాప్ రోజూ మైనస్ చూపిస్తోందంటే అది సగటు సముద్ర మట్టాన్నే సున్నాగా వాడుతోందేమో చూడండి.

అపోహ: పౌర్ణమికే పెద్ద పోటు.

అమావాస్యకూ అంతే. చాలాచోట్ల తిథి దాటిన ఒకటి రెండు రోజులకు ఇంకా ఎక్కువ. అష్టమి దగ్గర పోటుకూ పాటుకూ తేడా తక్కువ.

అపోహ: పాటు ఉంటే స్నానం సేఫ్.

నాకు బాగా భయం వేసేది ఈ మాటకే. ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాలు చాలా బీచుల్లో పాటు సమయంలోనే బలంగా ఉంటాయి. టైడ్ చార్టు అలల గురించి ఒక్క ముక్క చెప్పదు. దానికి హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చే అలల హెచ్చరికలు చూడాలి. పైగా చార్టు చంద్రుడు, సూర్యుడి లెక్కలతో ముందే వేసింది. వాయుగుండం వచ్చి గాలి పీడనం ఒక మిల్లీబార్ తగ్గితే నీటిమట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, దానికి గాలి తోపు అదనం.

రాళ్ల మధ్య పీతలు, నత్తలు పిల్లలకు చూపించాలంటే పాటు అట్టడుగుకు చేరే టైముకు గంట ముందే దిగండి, నీళ్లు మళ్లగానే వెనక్కి వచ్చేయండి. మర్నాడు అదే టైముకు పోవద్దు, దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. చార్టు ఏ రేవుదో కూడా చూసుకోండి. భావనగర్‌లో నీళ్లు పది మీటర్ల దాకా పెరిగి తగ్గుతాయి, వైజాగ్‌లో రెండు మీటర్లు కూడా ఉండదు.