సోడా, పాప్, కోక్: కూల్‌డ్రింక్ పేర్ల మీద అపోహలు – వాస్తవాలు

నేను పాఠం చెప్పేది అమెరికన్ ఇంగ్లిష్ మాండలికాలు. ఆ సంగతి చెప్పగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "అమెరికాలో కూడా యాసలుంటాయా?" అని, రెండోది కూల్‌డ్రింక్ మ్యాపు గురించి. మీరూ చూసే ఉంటారు. ఈశాన్యంలో, కాలిఫోర్నియాలో సోడా, మిడ్‌వెస్ట్‌లో పాప్, దక్షిణాదిలో కోక్ అని దేశాన్ని మూడు రంగుల్లో చూపించే మ్యాపు, వాట్సాప్ గ్రూపుల్లో ఎప్పుడూ ఎక్కడో ఒకచోట తిరుగుతూనే ఉంటుంది. మ్యాపు పూర్తిగా తప్పేం కాదు, దాన్ని చూసి జనం తేల్చేసుకునే విషయాలతోనే నాకు పేచీ.

అపోహ: దక్షిణాదిలో ఏ డ్రింకునైనా కోకే అంటారు.

"కోక్ తాగుతావా?" "ఆఁ." "ఏ కోక్?" "స్ప్రైట్." ఈ సంభాషణ వినే ఉంటారు. జార్జియా, అలబామా, టెక్సస్ ఇళ్లల్లో ఇలా మాట్లాడుకునేవాళ్లు నిజంగానే ఉన్నారు. ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ కోకులే, ఏది కావాలో తర్వాత చెప్పుకుంటారు, మనం ఏ వనస్పతినైనా డాల్డా అన్నట్టే. 1886లో జాన్ పెంబర్టన్ అనే మందుల తయారీదారు కోకాకోలా కలిపింది అట్లాంటాలో కాబట్టి ఆ చుట్టుపక్కల ఆ పేరే మొత్తానికి అంటుకుందంటే ఆశ్చర్యం లేదు.

కానీ దక్షిణాది అంతా ఒకటే ముద్ద కాదు. నార్త్ కరోలినాకి వెళ్తే సోడా అనేవాళ్లూ ఉంటారు, ఉత్తినే "డ్రింక్" అనేవాళ్లూ ఉంటారు. పెప్సీ పుట్టింది అక్కడే, న్యూ బర్న్ అనే ఊళ్లో, 1893లో. కాలెబ్ బ్రాడ్‌హామ్ దాన్ని మొదట అమ్మిన పేరు కూడా "బ్రాడ్స్ డ్రింక్" అనే. లూసియానాలో కొందరికి అది "కోల్డ్ డ్రింక్". ఇంకా వెనక్కి వెళ్తే, కరోలినాల బట్టల మిల్లుల్లో కార్మికుల మధ్యకి డ్రింకులూ చిరుతిళ్లూ తోసుకొచ్చే బండిని "డోప్ వ్యాగన్" అనేవాళ్లు, ఎందుకంటే కోకాకోలాకి వాళ్ల వాడుక పేరు డోప్. డోప్ అంటే మత్తుమందు, పాత కోకాకోలాలో కొకైన్ తీసే కోకా ఆకు సంగతి తెలిసినవాళ్లకి ఆ పేరు ఎందుకొచ్చిందో విడమరిచి చెప్పక్కర్లేదు.

అపోహ: తన పేరు అన్నిటికీ వాడుతుంటే కంపెనీకి పండగే.

పండగ కాదు, టెన్షన్. పేరు అందరిదీ అయిపోతే ట్రేడ్‌మార్క్ చేజారుతుంది. అసలు "కోక్" అనే ముద్దుపేరే కంపెనీకి చాలాకాలం గిట్టలేదు, పూర్తి పేరుతో అడగండని ప్రకటనలు కూడా ఇచ్చింది. "కోక్" అని అమ్ముకుంటున్న ఇంకో కంపెనీ మీద కేసు వేసి 1920లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచింది. జనం నోరు మాత్రం ఆగలేదు. చివరికి 1941లో తనే ప్రకటనల్లో కోక్ అనడం మొదలుపెట్టి, 1945లో రిజిస్టర్ చేయించుకుంది.

దీని ప్రభావం ఈరోజుకీ హోటల్లో వినొచ్చు. మీరు కోక్ అడిగితే వెయిటర్ "పెప్సీ ఓకేనా?" అంటాడు. అది మర్యాద ఒక్కటే కాదు. కోక్ అడిగినవాళ్లకి చెప్పకుండా ఇంకోటి పోసిన హోటళ్ల మీద కంపెనీ దావాలు వేసిన చరిత్ర ఉంది. అందుకే కోక్ అంటే ఏ డ్రింకైనా అనే అర్థం ఇళ్లల్లో, విందుల్లో నిలబడింది గానీ కౌంటర్ దగ్గర పెద్దగా చెల్లదు.

అపోహ: మ్యాపులో రంగు మారేచోట మాట మారిపోతుంది.

ఇది మా వృత్తికి సంబంధించిన విషయం కాబట్టి కాస్త విడమరిచి చెప్తాను. న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో, రోచెస్టర్ పాప్ వైపు, సిరక్యూస్ సోడా వైపు. ఆ రెండు వైపుల మధ్య ఊళ్లల్లో ఒకే ఇంట్లో రెండూ వినిపిస్తే వింతేం లేదు. చుట్టూ పాప్ ఉన్నా మిల్వాకీ, సెయింట్ లూయిస్ సోడా దీవుల్లా ఉంటాయి. 2003 ప్రాంతంలో భాషాశాస్త్రవేత్త బర్ట్ వాక్స్ హార్వర్డ్‌లో ఉండగా చేసిన ఆన్‌లైన్ సర్వేలో ఈ ప్రశ్నకి దేశం మొత్తం మీద సుమారు 53 శాతం సోడా అని, 25 శాతం పాప్ అని, 12 శాతం కోక్ అని అన్నారు. మిగతా కొద్దిమందిని మ్యాపు గీసేవాళ్లు సాధారణంగా పట్టించుకోరు, నాకైతే అసలు సరదా అంతా వాళ్ల దగ్గరే ఉందనిపిస్తుంది. అందులో బోస్టన్ చుట్టుపక్కల పెద్దవాళ్లు అనే "టానిక్" ఉంది. 1880ల్లో ఆ ప్రాంతంలోనే మాక్సీ అనే డ్రింకుని నరాలకి బలమిచ్చే మందుగా అమ్మారు. మందుల షాపు వాసన పోని మాట అది.

పైగా ఆ సర్వేకి జవాబిచ్చింది ఇంటర్నెట్‌లో తమంతట తాము వచ్చినవాళ్లు. దానికి ముందు 1965 నుంచి 1970 దాకా ఫ్రెడరిక్ కాసిడీ బృందం విస్కాన్సిన్ నుంచి వ్యాన్లు వేసుకుని 1,002 ఊళ్లు తిరిగి, మనుషుల ఎదురుగా కూర్చుని పదాలు రాసుకుంది. ఆ వ్యాన్లకి "వర్డ్ వ్యాగన్" అని పేరు. ఆ సమాచారంతో వచ్చిన ప్రాంతీయ పదాల నిఘంటువు అయిదో సంపుటం 2012లో గానీ రాలేదు.

ఎదురుగా కూర్చున్నా ప్రశ్న అడగడంలోనే పడిపోతాం. "మీరు దీన్ని ఏమంటారు?" అంటే మనిషి కాస్త సర్దుకుని, తను అనాలనుకునే మాట చెప్తాడు. అందుకే నా విద్యార్థులకి ఒకటే చెప్తాను: అడగొద్దు, వినండి. వింటే తెలిసేదేంటంటే, తాగేవాడు ఆ మాట వాడేది తక్కువ. షాపులో ఎవరూ "ఒక సోడా" అని ఊరుకోరు, ఫలానా బ్రాండు అనే అడుగుతారు. సోడా, పాప్ లాంటి మాటలు ఇచ్చేవాళ్ల నోట వస్తాయి, లేదా తాగొద్దని తిట్టే అమ్మల నోట. మన దగ్గరా అంతే కదా, కొట్టుకెళ్తే "ఒక థమ్సప్ ఇవ్వన్నా", ఇంటికి చుట్టాలొస్తే "కూల్‌డ్రింక్ తాగుతారా వదినా?"

అపోహ: మాట ఒకటైతే పలకడమూ ఒకటే.

బఫెలోలోనూ పాప్ అంటారు, పిట్స్‌బర్గ్‌లోనూ పాప్ అంటారు, రెండూ కారులో మూడు నాలుగు గంటల దూరం. బఫెలో పాతకాపు నోట ఆ అచ్చు ముందుకి జరిగి మన చెవికి "ప్యాప్"కి దగ్గరగా వినిపిస్తుంది. పిట్స్‌బర్గ్‌లో అదే అచ్చు పెదాలు కాస్త గుండ్రంగా చుట్టి, "పాప్"కీ "పోప్"కీ మధ్యలో ఎక్కడో పలుకుతారు. మ్యాపులో రెండిటికీ ఒకే రంగు.

ఒజార్క్, అపలాచియన్ కొండప్రాంతాల పాతతరం సోడాని "సోడీ" అనేది. చదువురాక కాదు, అక్కడ మాట చివర వచ్చే "అ" లాంటి శబ్దం "ఈ" కావడం మామూలే. ఓపెరాని "ఓప్రీ" అన్నది ఆ పద్ధతే, నాష్‌విల్‌లో పేరున్న కంట్రీ సంగీత కార్యక్రమం "గ్రాండ్ ఓల్ ఓప్రీ" అని బోర్డు కట్టుకుని మరీ వెలుగుతోంది. "షోడా" అన్నవాళ్లని చూసి నవ్వే మనవాళ్లకి ఇది చెప్పాలనిపిస్తుంది. సోకు–షోకు, సర్బత్–షర్బత్ అన్నా ఎవరూ అభ్యంతరం చెప్పరు, షోడా ఒక్కటే ఏం పాపం చేసింది?

అపోహ: పాప్ అనేది అమెరికా పిల్లల ముద్దుమాట.

పిల్లల మాటా కాదు, పుట్టింది అమెరికాలోనూ కాదు. ఇంగ్లిష్ కవి రాబర్ట్ సౌథీ 1812లో రాసిన ఉత్తరంలోనే ఉంది, బిరడా తీస్తే పాప్‌మంటుంది కాబట్టి ఆ పేరని.

అపోహ: "కూల్‌డ్రింక్" మన తప్పుడు ఇంగ్లిష్.

దక్షిణాఫ్రికాలోనూ మామూలుగా వాడే మాట అదే, ఒకే పదంగా. గ్లాస్గోలో "జింజర్" అంటారు, అందులో అల్లం ఉండక్కర్లేదు. ఐర్లండ్‌లో "మినరల్స్". వీటిలో ఏది తప్పు? అమెరికా వెళ్లే మన పిల్లలకి ఇబ్బంది కూల్‌డ్రింక్‌తో రాదు, ఎదుటివాడు అర్థం చేసుకుంటాడు. ఇబ్బంది పెట్టేది "సోడా". మనకి సోడా అంటే తీపీ రంగూ లేని గ్యాసు నీళ్లు, న్యూజెర్సీలో అడిగితే "ఏ సోడా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. మన సోడా కావాలంటే "క్లబ్ సోడా" అనో "సెల్ట్జర్" అనో అడగాలి. క్లబ్ సోడాలో కాస్త ఉప్పుల్లాంటి ఖనిజాలు కలుపుతారు, సెల్ట్జర్‌లో కలపరు, నిమ్మకాయ పిండుకోవడానికి రెండోదే మేలని నా లెక్క.

అపోహ: టీవీ, ఇంటర్నెట్ వచ్చాక ఈ తేడాలన్నీ పోతాయి.

పదాల విషయంలో కొంత నిజం. పాప్ కొన్నిచోట్ల సోడాకి దారి వదులుతోంది, టానిక్ దాదాపు పెద్దవాళ్లతోనే మిగిలింది. అచ్చుల దారి వేరు. బఫెలో, షికాగో వైపు ఆ "ప్యాప్" ఉచ్చారణ బలపడింది టీవీ ఇంటింటికీ చేరిన దశాబ్దాల్లోనే. ఇప్పుడు ఆ నగరాల కుర్రకారులో వెనక్కి తగ్గుతోంది. ఎదిగినప్పుడు టీవీ ఆపలేదు కాబట్టి, తగ్గుతున్నప్పుడు పేరు ఇంటర్నెట్‌కి కట్టబెట్టాలంటే ముందు అది నిరూపించాలి.