దూరం పరుగెత్తేవారికి బరువులెందుకు?

బెంగళూరులో ఆదివారం తెల్లవారేసరికి కబ్బన్ పార్కు దారులు పరుగెత్తేవారితో నిండిపోతాయి. మారతహళ్లి, కుందలహళ్లి వైపు నుంచి వచ్చే మా తెలుగు బృందంలో ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా పరుగెత్తుతున్నవారు, 2008లో ఈ నగరంలో మొదలైన పది కిలోమీటర్ల పరుగు పోటీ వరల్డ్ టెన్‌కెలో ఏటా పాల్గొంటున్నవారు ఉన్నారు. వారిలో చాలామందికి కొంతకాలంగా పది కిలోమీటర్ల సమయం తగ్గడం ఆగిపోయింది. వారానికి మరికొన్ని కిలోమీటర్లు కలపడానికి వెంటనే సిద్ధపడే వీరు బరువులెత్తమంటే మాత్రం వెనకాడతారు. "తొడలు లావెక్కితే ఆ బరువు కూడా మోసుకుంటూ పరుగెత్తాలి కదన్నా" అని ఒక తమ్ముడు అడిగాడు. ఆ సందేహంలో న్యాయం ఉంది కనుక దానికి వివరమైన సమాధానం చెప్పడం అవసరం.

దూరపు పరుగులో వేగాన్ని ప్రధానంగా మూడు అంశాలు నిర్ణయిస్తాయి. శరీరం నిమిషానికి గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్‌ను వాడుకోగలదు అన్నది మొదటిది. దీన్నే వీఓటూ మ్యాక్స్ అంటారు. ఆ గరిష్ఠ పరిమితిలో ఎంత శాతం దగ్గర ఎక్కువసేపు నిలబడగలం అన్నది రెండవది. ఒక నిర్ణీత వేగంతో కదలడానికి ఎంత ఆక్సిజన్ ఖర్చవుతుంది అన్నది మూడవది. ఏళ్ల తరబడి సాధన చేసినవారిలో మొదటి అంశం దాదాపు పై అంచుకు చేరుకుని ఉంటుంది. బరువులు దాన్ని పెంచవు. అవి పనిచేసేది ముఖ్యంగా మూడవ అంశం మీద, అంటే ఖర్చు మీద.

అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హిక్సన్ 1980లో చేసిన ప్రయోగాన్ని చాలామంది సగమే గుర్తుంచుకున్నారని నా అభిప్రాయం. పది వారాల పాటు బరువులూ, ఓర్పు సాధనా (అంటే ఎక్కువసేపు పరుగెత్తడం, సైకిలు తొక్కడం లాంటివి) రెండూ చేసినవారిలో చివరి వారాల్లో బలం పెరగడం ఆగి, తగ్గడం కూడా మొదలైంది. ఈ రెండు సాధనలకూ పొసగదన్న మాట అక్కడే పుట్టింది. అయితే ఆ ప్రయోగంలో దెబ్బతిన్నది బలమే. వారి వీఓటూ మ్యాక్స్ మాత్రం ఓర్పు సాధన ఒక్కటే చేసినవారిలో పెరిగినంతగానే పెరిగింది. అదే హిక్సన్ 1988లో అప్పటికే ఓర్పు సాధనలో ఆరితేరినవారికి పది వారాల పాటు బరువుల సాధన జోడించినప్పుడు, గరిష్ఠ సామర్థ్యంలో 80 శాతం తీవ్రత దగ్గర వారు సైకిలు తొక్కగలిగిన సమయం 71 నిమిషాల నుంచి 85 నిమిషాలకు పెరిగింది. వీఓటూ మ్యాక్స్ మారలేదు.

వీఓటూ మ్యాక్స్ పెరగకుండా ఓర్పు ఎలా పెరిగింది? పరుగులో ప్రతి అడుగుకూ తొడ, పిక్క కండరాలు కొంత బలాన్ని ప్రయోగించాలి. గరిష్ఠ బలం పెరిగినప్పుడు, అదే అడుగు ఆ బలంలో మునుపటి కంటే చిన్న వాటాతో పడుతుంది. కండరంలో నిదానంగా పనిచేసి త్వరగా అలసిపోని తంతువులు, వేగంగా పనిచేసి త్వరగా అలసే తంతువులు రెండూ ఉంటాయి. మొదటి రకం తంతువులే ఎక్కువసేపు పని నెట్టుకురాగలిగితే, ఇంధనాన్ని ధారాళంగా ఖర్చుచేసే రెండవ రకాన్ని పిలవాల్సిన అవసరం ఆలస్యమవుతుంది. దీనికితోడు పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే స్నాయుబంధనం స్ప్రింగులాంటిది: అడుగు నేలను తాకినప్పుడు సాగి శక్తిని దాచుకుంటుంది, పైకి లేచేటప్పుడు తిరిగి ఇస్తుంది. బరువైన సాధనతో అది మరింత బిగువెక్కుతుంది.

ఫిన్లాండ్‌లో లీనా పావొలైనెన్ బృందం 1999లో ప్రచురించిన ప్రయోగం నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. అందులో మేటి పరుగు క్రీడాకారులు తొమ్మిది వారాల పాటు సాధన సమయంలో దాదాపు మూడో వంతును గెంతులు, పొట్టి పరుగులు, వేగంగా ఎత్తే బరువులకు కేటాయించారు. పరుగు ఆ మేరకు తగ్గింది. అయినా వారి ఐదు కిలోమీటర్ల సమయం సుమారు 3 శాతం మెరుగైంది. ఇరవై నిమిషాల్లో ఆ దూరం పూర్తిచేసేవారికి అది ముప్ఫై ఆరు సెకన్లతో సమానం.

ఇక తమ్ముడి సందేహం. 2008లో నార్వేలో స్టోరెన్ బృందం సాధన చేసిన పరుగువారితో ఎనిమిది వారాలు, వారానికి మూడుసార్లు, సగం కూర్చుని లేచే స్క్వాట్‌లు చేయించింది. నాలుగుసార్లకు మించి ఎత్తలేనంత బరువుతో నాలుగు విడతలు చేయించారు. పరుగులో ఆక్సిజన్ ఖర్చు 5 శాతం తగ్గింది, శరీర బరువు మాత్రం పెరగలేదు. ఇలాంటి సాధనతో పెరిగే బలంలో చాలా భాగం నాడీ వ్యవస్థ కండర తంతువులను మరింత బాగా పనికి పిలవడం నేర్చుకోవడం వల్ల వస్తుంది. అంత తక్కువ విడతలతో, అంత పరుగు సాధన మధ్య, తొడలు లావెక్కడానికి అవకాశం చాలా తక్కువ.

అందువల్ల మన జిమ్‌లలో పరుగువారికి తరచుగా ఇచ్చే సలహా, అంటే తేలిక బరువులను ఇరవై ముప్ఫైసార్లు ఎత్తమనడం, నాకు నచ్చదు. అలాంటి ఓర్పు పరుగులో ఎలాగూ వస్తోంది. పరుగువారికి కావలసింది నాలుగు నుంచి పదిసార్లు మాత్రమే ఎత్తగలిగే బరువు, రెండు మూడు విడతలు, విడతకూ విడతకూ మధ్య రెండు మూడు నిమిషాల విశ్రాంతి, వారానికి రెండు రోజులు. అయితే బార్‌బెల్ ఎప్పుడూ పట్టనివారు మొదటి కొన్ని వారాలు తేలిక బరువుతో, తెలిసినవారి పర్యవేక్షణలో, నడుము వంగకుండా కూర్చుని లేవడం నేర్చుకోవాలి. మరుసటి రోజు కాళ్లు పట్టేస్తాయి కనుక వేగపు పరుగుకు ముందు రోజున బరువులు పెట్టుకోకూడదు.

2024, 2025 సంవత్సరాల్లో వరల్డ్ టెన్‌కె ఏప్రిల్ చివరి ఆదివారం జరిగింది. అలాంటి తేదీకి సిద్ధమయ్యేవారు సంక్రాంతి నాటికే బరువుల సాధన మొదలుపెడితే మూడు నెలలు చేతిలో ఉంటాయి. పరుగు దగ్గరపడగానే బరువులను పూర్తిగా మానేయడం మా బృందంలో చాలామంది చేసే పొరపాటు. పన్నెండు వారాలు బలం పెంచుకున్న నార్వే సైకిల్ క్రీడాకారులు, ఆ తర్వాత పదమూడు వారాల పోటీల కాలంలో వారానికి ఒక్క రోజు బరువులెత్తి ఆ బలాన్ని నిలుపుకున్నారని 2010లో వెలువడిన పరిశోధన చూపింది.