పాత కట్టడాలు: అపోహలు, వాస్తవాలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ

హైదరాబాద్‌లో పాత కట్టడాల కొలతలు తీసి, ఫొటోలతో, స్కాన్లతో రికార్డు చేయడం నా పని. టేపు పట్టుకుని ఏ గల్లీలో నిలబడినా పది నిమిషాల్లో నలుగురు చేరతారు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "సార్, సొరంగం దొరికిందా?" చార్మినార్ నుంచి గోల్కొండకు సొరంగం ఉందని మా నాయనమ్మ కూడా చెప్పేది. ఇంతవరకు ఆధారంతో చూపినవాళ్లు లేరు. పోనీ, ఆ కథతో ఎవరికీ నష్టం లేదు. నష్టం చేసే నమ్మకాలు వేరే ఉన్నాయి.

అపోహ: సిమెంటు పూస్తే పాత గోడ గట్టిపడుతుంది

నేను చూసిన నష్టంలో సగం దీనివల్లే. గుడైనా, మసీదైనా, తాతల నాటి దేవిడీ (నవాబుల కాలపు పెద్ద భవంతి) అయినా చేతికి నాలుగు డబ్బులు రాగానే ముందు దిగేది సిమెంటు బస్తా. కుతుబ్‌షాహీల నాటి గోడలు రాయి, సున్నంతో కట్టినవి. సున్నపు గోడ వానకు తడుస్తుంది, ఎండకు ఆరుతుంది. పైన సిమెంటు పూస్తే లోపలి చెమ్మకు దారి ఉండదు. లవణాలు పేరుకుంటాయి, కొన్నాళ్లకు ఆ పూత పెళ్లలుగా ఊడుతుంది. ఊడేటప్పుడు పాత గచ్చును, అంటే పాత సున్నపు పూతను కూడా వెంట తీసుకుపోతుంది. అనుమానం ఉంటే సంతలో కుండను చూసినట్టు గోడను వేలి కణుపుతో తట్టి చూడండి. డొల్లగా మోగిన చోట పూతకూ గోడకూ తెగతెంపులైనట్టే.

పాతవాళ్లు వాడింది డంగు సున్నం. నానబెట్టిన సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో తిప్పేవాళ్లు. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు, కొన్నిచోట్ల మారేడు గుజ్జు కూడా పడేవి. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ నిదానంగా రాయిగా మారుతుంది. మార్చి నెలాఖరుకు బిల్లు కావాల్సిన కాంట్రాక్టర్‌కు ఆ నిదానం నచ్చదు మరి! 2013లో ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ రాష్ట్ర వారసత్వ శాఖతో కలిసి కుతుబ్‌షాహీ సమాధుల పని మొదలుపెట్టింది. గుమ్మటాల మీది సిమెంటు తీసి మళ్లీ సున్నమే వేశారు. వానలకు కూలిన అక్కడి బడీ బావిని పాత పద్ధతిలోనే తిరిగి కట్టారు. 2022లో ఈ బావితో సహా గోల్కొండ మెట్ల బావులకు యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది.

అపోహ: 3డి స్కాన్ ఉంటే కట్టడం పోయినా పర్వాలేదు

ఈ మాట నా పొట్ట నింపేదే అయినా ఒప్పుకోను. లేజర్ స్కానర్ సెకనుకు లక్షల బిందువులు పట్టగలదు, కానీ అన్నీ పైపొరవే. లోపలి చెమ్మ, గచ్చులో ఏం కలిపారన్నది అందులో ఉండవు. పారిస్‌లో నోత్రదామ్ చర్చి 2019లో కాలినప్పుడు ముందే తీసిన స్కాన్లు ఎంతో పనికొచ్చాయి. అయినా పైకప్పు దూలాలను చేతి గొడ్డళ్లతో చెక్కినవాళ్లు వడ్రంగులే.

స్కాన్ అసలు ఉపయోగం పోలికలో ఉంది. అయిదేళ్ల తేడాతో తీసిన రెండు స్కాన్లను ఒకదానిమీద ఒకటి పెడితే గోడ ఎక్కడ ఉబ్బిందో తెలుస్తుంది. 2019లో చార్మినార్ మినార్ నుంచి గచ్చు పెళ్ల ఊడి పడింది. అలాంటివి పడక ముందే పట్టుకోవాలంటే ఈ పోలికే కావాలి.

అపోహ: హెరిటేజ్ జాబితాలోకి ఎక్కితే ఇల్లు సర్కారుదైపోతుంది

కాదు. యాజమాన్యం మీదే, మార్పులకు ముందు అనుమతి కావాలి, అంతే. ఆ ఇబ్బంది నిజమే, దాచను. కానీ నగరంలోని ఇర్రం మంజిల్ అనే పాత ప్యాలెస్‌ను కూల్చాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసిందంటే, వాదించడానికి కాగితం మీద రక్షణంటూ ఒకటి ఉండబట్టే. కేంద్ర పురావస్తు శాఖ (ఏఎస్ఐ) రక్షిత కట్టడమైతే చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. స్థలం కొనే ముందే ఇది చూసుకోండి, తర్వాత టెన్షన్ ఉండదు.

అపోహ: నగర చరిత్ర 1591తో మొదలు

చార్మినార్ వయసు అది. చైతన్యపురి దగ్గర మూసీ ఒడ్డున కోసగుండ్ల నరసింహస్వామి గుడి బండమీద అంతకు దాదాపు వెయ్యేళ్ల ముందటి విష్ణుకుండిన రాజుల కాలపు ప్రాకృత శాసనం ఉంది, అందులో బౌద్ధ విహారం ప్రస్తావన ఉంది. హష్మత్‌పేటలో ఇంకా పాతవి, బృహచ్ఛిలా యుగపు (పెద్ద పెద్ద రాళ్లతో సమాధులు కట్టిన కాలపు) సమాధులున్నాయి. శాసనం కనిపిస్తే అక్షరాల్లో సుద్ద, పెయింటు నింపకండి. చీకటి పడ్డాక టార్చ్‌ను రాయికి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుతురు పడేలా పట్టండి. పగలు కంటికి ఆనని గీత నీడతో లేచి నిలబడుతుంది.

అపోహ: ఫోన్ ఫొటోలు పనికిరావు

భేషుగ్గా పనికొస్తాయి. మబ్బు పట్టిన పూట, కట్టడం చుట్టూ కొంచెం కొంచెం జరుగుతూ, ప్రతి ఫొటోలో ముందరి ఫొటోలోది మూడింట రెండొంతులైనా వచ్చేలా తీస్తే వాటినుంచి 3డి మోడల్ తయారవుతుంది. మాకు పంపేటప్పుడు మాత్రం వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపొద్దు, సైజు తగ్గిపోతుంది, తేదీ, చోటు వివరాలు కూడా పోతాయి. ఇంట్లో పాత పెళ్లి ఆల్బమ్ ఉంటే వధూవరులను వదిలేసి వాళ్ల వెనకాల చూడండి. ఇప్పుడు లేని కమాన్లు, జాలీలు (చిల్లుల రాతి తెరలు) ఎన్నో ఆ గ్రూప్ ఫొటోల్లోనే నాకు దొరికాయి.

ఇంకొకటి, పక్కన ఒక స్కేలు పెట్టండి. నేను పెట్టలేదు కాబట్టి చెబుతున్నాను. పాతబస్తీలో ఒక దేవిడీ గేటుకు నాలుగొందల ఫొటోలు తీశాం. కొలబద్ద కారులోనే ఉండిపోయింది. మళ్లీ వద్దాంలే అనుకున్నాం. వెళ్లేసరికి గేటు లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. మోడల్ ముచ్చటగా వచ్చింది గానీ అది తొమ్మిదడుగుల కమానో, పన్నెండడుగుల కమానో చెప్పలేని పరిస్థితి. చివరికి ఫొటోల మూలన వాచ్‌మన్ కూర్చునే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ కనిపించింది. ఆ మోడల్ కుర్చీ కోసం మూడు దుకాణాలు తిరిగాను. నాలుగో దుకాణంలో దొరికితే, కొనకుండానే టేపు తీసి ఎత్తు కొలుస్తుంటే దుకాణాదారు నన్ను ఎగాదిగా చూశాడు. ఇంటికొచ్చి లెక్కేస్తే కమాను పదకొండు అడుగుల పైచిలుకు తేలింది.