తలకి దెబ్బ తగిలిన సైనికుడిని ట్రెడ్‌మిల్ ఎందుకు ఎక్కిస్తున్నారు

2020 జనవరి 8న ఇరాన్ వదిలిన మిసైళ్ళు ఇరాక్‌లోని అల్ అసద్ ఎయిర్‌బేస్ మీద పడ్డాయి. హెచ్చరిక ముందే అందడంతో అక్కడున్న అమెరికన్ సైనికులు చాలామంది బంకర్లలోకి దూరారు, ఒక్కరు కూడా చనిపోలేదు, ఆ రోజే ట్రంప్ టీవీలోకి వచ్చి మావాళ్ళకి ఏమీ కాలేదు అని చెప్పేశాడు. తర్వాత మొదలైంది అసలు లెక్క. ముందు 11 మంది అన్నారు, తర్వాత 34, తర్వాత 50, అలా పెరుగుతూ పెరుగుతూ చివరికి 110 మందికి బ్రెయిన్ ఇంజురీ అని తేలింది. మధ్యలో విలేకరులు అడిగితే తలనొప్పులు అని విన్నాను, అంత సీరియస్ ఏం కాదులే అన్నాడు ఆయన, దాంతో మాజీ సైనికుల సంఘం వాళ్ళు క్షమాపణ చెప్పాల్సిందే అని పట్టుబట్టారు.

ఆయన ఒక్కడినే తప్పుపట్టి లాభం లేదు, ఈ గాయమే అలాంటిది. రక్తం కారదు, కట్టు కట్టేది ఉండదు, సీటీ స్కాన్ తీస్తే చాలాసార్లు శుభ్రంగా నార్మల్ అని వస్తుంది. డాక్టర్ల లెక్క ప్రకారం స్పృహ పోయినా అరగంట లోపే తిరిగొస్తే, అయోమయం, మతిమరుపు ఒక రోజు దాటకపోతే అది మైల్డ్ కేసు, దాన్నే మామూలుగా కంకషన్ అంటారు. 2000 నుంచి ఇప్పటిదాకా అమెరికా సైన్యంలో బ్రెయిన్ ఇంజురీ అని రికార్డ్ అయిన వాళ్ళు 5 లక్షలు దాటారు, అందులో 80 శాతం పైనే ఈ కంకషన్లే. ఇవన్నీ యుద్ధంలో తగిలినవి కూడా కావు, ట్రైనింగ్‌లో, బండి యాక్సిడెంట్లలో, ఆటల్లో తగిలినవి చాలా ఉన్నాయి. ఐతే ఇరాక్, అఫ్ఘానిస్తాన్ల నుంచి వచ్చినవాళ్ళ కథ ప్రత్యేకం. రోడ్డు పక్కన పాతిపెట్టిన బాంబు పేలితే పాత యుద్ధాల్లో ఐతే మనిషే పోయేవాడు, ఇప్పుడు మంచి కవచాలు, మంచి బళ్ళు, వేగంగా అందే వైద్యం వల్ల బతుకుతున్నాడు, కానీ తల మాత్రం ఆ దెబ్బ తింటోంది. కొంతమంది ఒక్కటి కాదు, అలాంటి పేలుళ్ళు నాలుగైదు చూసి ఇంటికొచ్చారు.

లోపల ఏం జరుగుతుందంటే, గిన్నెలో తోడుకున్న పెరుగుని ఒక్కసారి గట్టిగా కుదిపితే ఎలా విరిగి కదులుతుందో మెదడు కూడా పుర్రెలో అలా కదిలిపోతుంది, దాంతో నరకణాల పొడవాటి తీగలు, వాటిని ఆక్సాన్లు అంటారు, సాగిపోతాయి. సాగినచోట పొటాషియం బయటికి, కాల్షియం లోపలికి పోతుంది, దాన్నంతా మళ్ళీ సరిచేయాలంటే కణానికి బోలెడంత ఎనర్జీ కావాలి, సరిగ్గా అదే టైంలో అక్కడికొచ్చే రక్తం తగ్గిపోతుంది. ఖర్చు పెరిగి ఆదాయం తగ్గిన ఆ కొన్ని రోజులూ మెదడు చాలా నాజూగ్గా ఉంటుంది. బాంబు పేలుడు గాలి ఒత్తిడి చేసే డ్యామేజ్ ఇంకా వేరేగా ఉండొచ్చు, 2016లో మెదడు కణజాలాన్ని పరిశీలించే డాక్టర్ డానియల్ పెర్ల్ టీం పేలుళ్ళకి గురై తర్వాత చనిపోయిన సైనికుల మెదళ్ళని పరిశీలించి, మెదడులోని బూడిదరంగు, తెలుపు పదార్థాలు కలిసే సరిహద్దుల్లో, రక్తనాళాల చుట్టూ ఒక విచిత్రమైన మచ్చని చూపించింది. బతికున్న మనిషికి మామూలుగా తీసే స్కాన్లో ఇది కనబడదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, బ్రిటిష్ డాక్టర్ చార్లెస్ మైయర్స్ ఇలాంటి సైనికుల గురించి షెల్ షాక్ అని రాసినప్పటి నుంచి ఇది మెదడుకి తగిలిన దెబ్బా లేక మనసుకి తగిలిన దెబ్బా అని కొట్టుకుంటూనే ఉన్నారు, నిజానికి చాలామందిలో రెండూ ఉంటాయి.

ఇక వైద్యం సంగతికొస్తే, చాలా ఏళ్ళు ఒకటే మాట, రెస్ట్ తీసుకో. చీకటి గదిలో పడుకో, ఫోన్ చూడకు, చదవకు, లక్షణాలన్నీ పోయేదాకా కదలకు. మన దగ్గర కూడా బైక్ మీంచి పడి తల తిరుగుతోందంటే ఇంట్లోవాళ్ళు నెల రోజులు మంచం దిగనివ్వరు కదా, అదే పద్ధతి. మొదటి ఒకటి రెండు రోజులకి ఇది సరైన సలహానే, దాన్ని వారాలు, నెలలు సాగదీయడంతోనే తేడా కొట్టింది. కదలని మనిషికి నిద్ర చెడుతుంది, దిగులు పట్టుకుంటుంది, గుండె సామర్థ్యం పడిపోతుంది, లేచి నాలుగడుగులు వేస్తే తల తిరుగుతుంది, అది చూసి అమ్మో ఇంకా తగ్గలేదు అని మళ్ళీ పడుకుంటాడు.

ఈ పద్ధతిని మార్చినవాళ్ళలో ముఖ్యులు న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో యూనివర్సిటీకి చెందిన జాన్ లెడ్డీ, బ్యారీ విల్లర్. వాళ్ళ ట్రెడ్‌మిల్ టెస్ట్ గురించి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే నాకు ఇందులో బాగా నచ్చింది అదే. మనిషిని ట్రెడ్‌మిల్ ఎక్కించి గంటకి సుమారు 5 కిలోమీటర్ల వేగంతో, అంటే చురుకైన నడకతో మొదలుపెడతారు. నిమిషానికి ఒక్క శాతం చొప్పున ట్రెడ్‌మిల్ వాలు పెంచుతారు, మొదటి పావుగంట వేగం మాత్రం మార్చరు. ప్రతి నిమిషం రెండు ప్రశ్నలు, ఎంత కష్టంగా ఉంది, తలనొప్పో తల తిరగడమో 10కి ఎంత ఉంది. హార్ట్ రేట్ పక్కన రాసుకుంటూ పోతారు. మొదలుపెట్టినప్పటి కంటే లక్షణాలు 3 పాయింట్లు పెరిగాయా, వెంటనే ఆపేస్తారు. ఆ క్షణాన హార్ట్ రేట్ 140 ఉందనుకోండి, దానిలో 80 శాతం అంటే 112, అదే అతని డోసు. రోజుకి ఇరవై నిమిషాలు ఆ 112 దగ్గర నడవాలి లేదా సైకిల్ తొక్కాలి, కొన్నాళ్ళకి మళ్ళీ టెస్ట్ చేసి డోసు పెంచుతారు. ఎక్సర్‌సైజ్ చెయ్యి బాబూ అని ఊరికే చెప్పి పంపించేయడానికీ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి, బీపీ మాత్ర ఎన్ని మిల్లీగ్రాములో రాసినంత పక్కాగా రాసిస్తున్నారు.

2019లో వచ్చిన ట్రయల్లో ఆటల్లో దెబ్బ తగిలిన 103 మంది టీనేజర్లని రెండు గ్రూపులు చేసి, ఒక గ్రూపుకి ఇలా లెక్క వేసిన ఎక్సర్‌సైజ్, ఇంకో గ్రూపుకి హార్ట్ రేట్ పెరగని స్ట్రెచింగ్ ఇచ్చారు. స్ట్రెచింగ్ గ్రూపులో సగం మంది కోలుకోవడానికి 17 రోజులు పడితే ఎక్సర్‌సైజ్ గ్రూపులో సగం మందికి 13 పట్టింది. 2021లో మళ్ళీ చేస్తే 19, 14. నాలుగైదు రోజులేగా అనిపించొచ్చు, కానీ కంకషన్‌కి ఇదీ మందు అని చూపించడానికి అంతకు ముందు పెద్దగా ఏమీ లేదు. ఆటల్లో తగిలే కంకషన్ల మీద 2023లో నిపుణులు ఇచ్చిన ఆమ్‌స్టర్‌డామ్ అంతర్జాతీయ ప్రకటన కూడా కఠినమైన రెస్ట్ వద్దు, ఒకటి రెండు రోజులు నిదానంగా ఉండి తర్వాత తేలికగా నడక మొదలెట్టండి అనే చెప్పింది.

ఎందుకు పనిచేస్తుంది అన్నదానికి ఒక మంచి వివరణ ఊపిరి దగ్గర దొరికింది. కంకషన్ తర్వాత రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినా కొంతమంది శరీరం దాన్ని సరిగ్గా పసిగట్టదు, శ్రమ చేసేటప్పుడు పీల్చాల్సినంత గాలి పీల్చదు. కార్బన్ డయాక్సైడ్ పోగైతే మెదడులో రక్తనాళాలు వెడల్పు అవుతాయి, అవసరానికి మించి రక్తం వస్తుంది, తల పగిలిపోతున్నట్టు ఉంటుంది. బఫలో వాళ్ళే కొద్దిమంది మహిళా క్రీడాకారుల్లో ఇది కొలిచి చూసారు, కొలిచి ఇచ్చిన ఎక్సర్‌సైజ్ కొన్ని వారాలు చేయించాక ఆ స్పందన మామూలు స్థితికి వచ్చింది.

సరే, ఆ ట్రయల్స్‌లో ఉన్నది టీనేజ్ పిల్లలు, దెబ్బ తగిలి పది రోజులు దాటని వాళ్ళు. నలభై అయిదేళ్ళ వెటరన్, అంటే మాజీ సైనికుడు, ఇరవయ్యేళ్ళ కిందట ఇరాక్‌లోని ఫలూజాలో పేలుడులో ఎగిరిపడ్డవాడు, నడుం నొప్పి, నిద్ర లేదు, రాత్రిళ్ళు పీడకలలు, అతనికి ఇదే లెక్క పనిచేస్తుందా? వ్యాయామంతో వెటరన్ల మెదడు మళ్ళీ మామూలైపోతుంది అనే హెడ్‌లైన్లతో ఇక్కడే నేను విభేదిస్తా. అంత మాట అనేంత ఆధారం ఇంకా లేదు. ఉన్నవి చిన్న చిన్న స్టడీలు, మిగతా వయసువాళ్ళ మీద చేసిన పెద్ద స్టడీల నుంచి అరువు తెచ్చుకున్న ఆశ.

ఆ అరువు సొమ్ములో బాగా పేరున్నది 2011 నాటి ఎరిక్సన్ స్టడీ. 120 మంది పెద్దవాళ్ళలో సగం మంది ఏడాదిపాటు వారానికి మూడు రోజులు నడిస్తే, జ్ఞాపకాలకి కీలకమైన హిపోక్యాంపస్ అనే మెదడు భాగం దాదాపు 2 శాతం పెరిగింది, స్ట్రెచింగ్ చేసినవాళ్ళలో అది 1.4 శాతం తగ్గింది. తర్వాత వచ్చిన ట్రయల్స్ అన్నీ ఇంత చక్కగా రాలేదు. బీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ కథ కూడా ఇలాంటిదే, చక్రం మీద పరిగెత్తిన ఎలుకల మెదడులో అది పెరుగుతుందని 1995లోనే చూపించారు, నరకణాల మధ్య కొత్త కనెక్షన్లకి అది ఎరువులాగా పనికొస్తుంది. ఐతే 2004లో గ్రీస్‌బాక్, హోవ్డా వాళ్ళు లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో తలకి దెబ్బ తగిలిన ఎలుకలతో చేసిన ప్రయోగం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. దెబ్బ తగిలిన మొదటి వారంలోనే పరిగెత్తనిస్తే బీడీఎన్ఎఫ్ పెరగలేదు, నేర్చుకోవడం కూడా దెబ్బతింది, రెండు వారాలు ఆగి మొదలెడితే లాభం కనబడింది. ఎలుక రోజులు మనిషి రోజులు ఒకటి కావు, కానీ ఎప్పుడు, ఎంత అన్నది తేలిగ్గా తీసుకోకూడదని మాత్రం తెలుస్తుంది.

మరి ఆధారం తక్కువైతే వెటరన్లకి ఎందుకు చెప్పడం అంటే, వాళ్ళ సమస్య ఒక్క దారంతో ఉన్నది కాదు. 2008లో చార్లెస్ హోగ్ టీం ఇరాక్ నుంచి తిరిగొచ్చిన 2,525 మంది పదాతి సైనికులని అడిగితే దాదాపు 15 శాతం మంది కంకషన్ జరిగిందన్నారు, స్పృహ పోయినవాళ్ళలో 44 శాతం మందికి పీటీఎస్డీ, అంటే భయంకరమైన అనుభవం తర్వాత మనసుని వదలని భయం, పీడకలల జబ్బు లక్షణాలున్నాయి. ఆ పీటీఎస్డీ, డిప్రెషన్ లెక్కలోకి తీసుకుని చూస్తే తలనొప్పి తప్ప మిగతా శారీరక లక్షణాలకి కంకషన్‌తో నేరుగా సంబంధం మిగల్లేదు. దెబ్బ అబద్ధం అని కాదు దీనర్థం, దానితో పాటు నిద్ర, భయం, దిగులు అల్లుకుపోయాయని. వీటన్నిటి మీదా కొంచెం కొంచెం పనిచేసే మందు ఏ షాపులోనూ లేదు, నడక మాత్రం చేస్తుంది.

ఇంకో కారణం ముందు కాలం గురించి. 2018లో డెబొరా బార్న్స్ టీం మూడున్నర లక్షల మందికి పైగా వెటరన్ల రికార్డులు చూస్తే, బ్రెయిన్ ఇంజురీ లేనివాళ్ళలో 2.6 శాతం మందికి డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా పోయే జబ్బు వచ్చింది, ఉన్నవాళ్ళలో 6.1 శాతం మందికి. స్పృహ కూడా పోని కంకషన్ ఐనా రిస్క్ రెట్టింపు దాటింది. తగిలిన దెబ్బని వెనక్కి తీసుకోలేం. డిమెన్షియాకి మనం మార్చుకోగలిగిన కారణాలని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 14 లెక్కపెట్టింది, అందులో తల దెబ్బ ఒకటి, శారీరక శ్రమ లేకపోవడం ఇంకొకటి, బీపీ, షుగర్, డిప్రెషన్ కూడా ఉన్నాయి. నడక మొదలెడితే ఆ లిస్టులో మూడు నాలుగు ఒకేసారి కదులుతాయి.

ఆచరణలో రెండు చిక్కులున్నాయి, వీటి గురించి ఎక్కువమంది రాయరు. ఒకటి, పీటీఎస్డీ ఉన్న మనిషికి గుండె దడదడ కొట్టుకోవడం, ఊపిరి వేగం పెరగడం, చెమట పట్టడం, ఇవన్నీ భయం వచ్చినప్పుడు వచ్చే గుర్తులే. ట్రెడ్‌మిల్ మీద అవే వస్తే శరీరం ఏదో ప్రమాదం వచ్చిందనుకుంటుంది, కొంతమంది మొదటి వారంలోనే మానేస్తారు. అలాంటివాళ్ళకి ముందే చెప్పి, తలుపు కనబడేలా నిలబెట్టి, బాగా తక్కువ స్పీడ్‌తో మొదలెట్టాలి. మెల్లగా అలవాటైతే ఆ దడకి భయపడటం కూడా తగ్గుతుంది, అదొక లాభమే.

రెండోది మందులు. దెబ్బ తర్వాత వచ్చే తలనొప్పికి కొంతమందికి ప్రొప్రానొలాల్ అనే మాత్ర రాస్తారు, అది గుండె వేగాన్ని తగ్గించి పెడుతుంది, అందుకని వాచ్‌లో కనిపించే హార్ట్ రేట్ చూసి, లేదా 220లోంచి వయసు తీసేసి గుండె గరిష్ఠ వేగం కట్టే లెక్కతో డోసు పెట్టుకుంటే తప్పుతుంది. అప్పుడు మాటే కొలత, నడుస్తూ మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. మోకాళ్ళు, నడుము పోయినవాళ్ళకి సైకిలో, స్విమ్మింగ్ పూలో, కాలు పోయినవాళ్ళకి చేతులతో తిప్పే సైకిలో ఉంది. నడక మధ్యలో తలనొప్పి కొంచెం పెరిగి గంటలో సర్దుకుంటే ఫర్వాలేదు, 3 పాయింట్లు పెరిగితే ఆ రోజుకి ఆపి, మర్నాడు ఒక మెట్టు కింద నుంచి మొదలెట్టాలి. ఛాతీలో నొప్పి వచ్చినా, మాట తడబడినా, ఒక చెయ్యి బలం తగ్గినా మాత్రం అది వేరే కథ, ట్రెడ్‌మిల్ దిగి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాలి.