లాప్‌టాప్ హార్డ్ డిస్క్ వేగం: అపోహలు, వాస్తవాలు

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ అయిపోయిందంటే నెల్లూరు ట్రంకు రోడ్డులో లాప్‌టాప్ షాపుల ముందు సందడి మొదలవుతుంది. కావలి, ఆత్మకూరు, ఉదయగిరి, పొదలకూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి తండ్రీ కూతుళ్లు, తండ్రీ కొడుకులు వస్తారు. నేను ఈ ఊళ్లో లాప్‌టాప్ సర్వీసు చేస్తాను. కొనేముందు ఒక మాట అడిగి పోదామని నా దగ్గరికి వచ్చేవాళ్లూ ఉంటారు. మొన్న కోవూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. తెలిసినవాళ్లెవరో రాసిచ్చారట. '7200 ఆర్‌పీఎం, 1 టీబీ. 5400 వద్దు' అని ఉంది. 7200 కింద రెండు గీతలు కూడా కొట్టి ఉన్నాయి.

"అబ్బయా, ఈ నంబరు ఉండేది ఏ షాపులో దొరకద్ది?" అన్నాడు.

"బాబాయ్, ఇది రాసినాయన తప్పు రాయలేదు. పదిహేనేళ్ల కిందటైతే నేనూ ఇదే రాసిచ్చేవాణ్ణి" అన్నాను. ఆయనతో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. అలాంటి కాగితాలు ఇంకా చాలా జేబుల్లో ఉన్నాయి.

అపోహ: 5400 కంటే 7200 డిస్క్ ఉన్న లాప్‌టాప్ మూడో వంతు వేగంగా పనిచేస్తుంది.

ఆర్‌పీఎం అంటే లోపలి పళ్లెం నిమిషానికి తిరిగే చుట్లు. 5400 అంటే సెకనుకు 90 చుట్లు, 7200 అంటే 120. లెక్కకు మూడో వంతు ఎక్కువే. కానీ మన పని జరిగేది చుట్ల లెక్కన కాదు.

తిరనాళ్లలో రంగులరాట్నం గుర్తు తెచ్చుకోండి. మీ పాప ఎక్కిన గుర్రం మీ ముందుకు రావాలంటే సగటున అర చుట్టు ఆగాలి. రాట్నం జోరుగా తిరిగితే ఆ ఆగేది కొంచెం తగ్గుతుంది. కానీ ముందు మీరు జనాన్ని తప్పించుకుని రాట్నం దగ్గరికి నడవాలి కదా, ఆ నడక మాత్రం తగ్గదు. డిస్క్‌లో కూడా అంతే. చదివే ముల్లు సరైన గీత దగ్గరికి జరగడానికి లాప్‌టాప్ డిస్క్‌లలో సుమారు 12 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ తర్వాత అర చుట్టు. 5400లో అది 5.6 మిల్లీసెకన్లు, 7200లో 4.2. రెండూ కలిపితే 17.6, 16.2. తేడా పదో వంతు కూడా లేదు.

ఇప్పుడు అసలు సంగతి. విండోస్ ఆన్ అయ్యేటప్పుడు, బ్రౌజర్ తెరిచేటప్పుడు డిస్క్ చదివేది ఒక పెద్ద ఫైలు కాదు, వేలకొద్దీ చిన్న చిన్న ముక్కలు. ఒక్కో ముక్కకు 16, 17 మిల్లీసెకన్లంటే సెకనుకు 60 ముక్కలు. ముక్క 4 కేబీ అయితే సెకనుకు 240 కేబీ. పెట్టె మీద '100 ఎంబీ వేగం' అని రాసిన డిస్క్ చేతికి ఇచ్చేది ఇంతే. నమ్మకం కలగకపోతే హార్డ్ డిస్క్ ఉన్న లాప్‌టాప్ ఆన్ చేసి టాస్క్ మేనేజర్ తెరవండి. డిస్క్ వాడకం 100 శాతం అని చూపిస్తుంది. దాని కిందే వేగం చూస్తే, కొన్ని ముక్కలు 4 కేబీ కంటే పెద్దవైనా, ఒకటో రెండో ఎంబీలే ఉంటుంది. 'వైరస్ వచ్చిందన్నా' అని నా దగ్గరికి తెచ్చేవాటిలో చాలా వాటికి రోగం ఇదే.

ఎస్ఎస్‌డీ అంటే హార్డ్ డిస్క్ బదులు వాడేది, సమాచారాన్ని చిప్‌లలో దాస్తుంది. అందులో తిరిగే పళ్లెం లేదు, కదిలే ముల్లు లేదు. ఒక ముక్క అందడానికి మిల్లీసెకనులో పదో వంతు చాలు. 5400, 7200ల మధ్య తేడా ఒకటిన్నర మిల్లీసెకను, ఎస్ఎస్‌డీతో పోలిస్తే తేడా నూట యాభై రెట్లకు పైన. అందుకే 7200 కోసం పెట్టే అదనపు రూపాయి ఎస్ఎస్‌డీకి పెట్టమని గట్టిగా చెబుతాను.

7200కు బలం ఎక్కడుందో కూడా చెప్పాలి. పెళ్లి వీడియో లాంటి పెద్ద ఫైళ్లు ఒకే వరుసలో కాపీ చేసేటప్పుడు తేడా తెలుస్తుంది. అక్కడా ఒక మెలిక ఉంది. పళ్లెం మీద సమాచారం ఎంత దగ్గర దగ్గరగా రాసి ఉంటే ఒక్కో చుట్టుకు అంత ఎక్కువ చదవగలదు. కాబట్టి కొత్త 1 టీబీ 5400 డిస్క్, పాత 320 జీబీ 7200 డిస్క్‌ను కాపీలో దాటిపోగలదు. నంబరొక్కటే చూసి పాత స్టాకు కొనకండి.

అపోహ: ఎస్ఎస్‌డీ రెండేళ్లకే అరిగిపోతుంది.

అరుగుతుంది, నిజమే. ఎంత రాస్తే అరుగుతుందో కంపెనీవాళ్లే వారంటీలో చెబుతారు. 500 జీబీ రకాల్లో మంచివాటికి 300 టీబీ, అంటే మూడు లక్షల జీబీ దాకా ఉంటుంది. రోజుకు 30 జీబీ రాసినా పది వేల రోజులు, అంటే 27 ఏళ్లు. బీటెక్ పిల్లలు రోజూ అంత రాయరు. చేతులారా అరగదీసే పని ఒకటుంది, పాత అలవాటు కొద్దీ ఎస్ఎస్‌డీకి డీఫ్రాగ్ చేయించడం, అంటే చెదిరిన ఫైలు ముక్కలను ఒకచోట చేర్పించడం. ముల్లు నడకను తగ్గించడానికి పుట్టిన పని అది. ముల్లే లేనిదానికి ఎందుకు?

అపోహ: సెకనుకు 7000 ఎంబీ చదివే ఎన్‌వీఎంఈ అయితే 550 ఎంబీ సాటా ఎస్ఎస్‌డీకి పన్నెండు రెట్లు వేగం.

రెండూ ఎస్ఎస్‌డీలే, సాటా పాత రకం, ఎన్‌వీఎంఈ కొత్త రకం. పెద్ద ఫైళ్ల కాపీలో బాగానే తేడా ఉంటుంది. ఆన్ కావడానికి, వర్డ్ తెరవడానికి కంటికి తెలిసేది తక్కువ. డబ్బులు తక్కువైతే ఇక్కడ తగ్గండి. మిగిలిన డబ్బుతో 256 జీబీ బదులు 512 జీబీ తీసుకోండి.

అపోహ: మన ఎండలకు 7200 డిస్క్ కాలిపోతుంది.

రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ సంగతి నాకు వేరే చెప్పక్కర్లేదు. 7200 కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది, బ్యాటరీ కూడా కాస్త ఎక్కువ తింటుంది. అయినా లాప్‌టాప్ డిస్క్‌లు 60 డిగ్రీల దాకా ఓర్చుకునేలా తయారు చేస్తారు. వేడికి చెడి నా బల్ల మీదికి వచ్చినవాటిలో ఎక్కువ భాగం పరుపు మీద పెట్టి వాడినవి, ఫ్యాన్‌లో దుమ్ము పట్టినవి. కుదుపులకు పోయినవి వాటికన్నా ఎక్కువ.

అపోహ: ఖరీదైన మంచి డిస్క్ అయితే వేరే కాపీ అక్కర్లేదు.

ఇది మాత్రం నిదానంగా చదవండి.

ఒక ఫొటోగ్రాఫర్ తమ్ముడు ముహూర్తాల రోజుల్లో రాత్రి పదింటికి షట్టరు సగం దించాక వచ్చాడు. కల్యాణ మండపంలో కుర్చీ మీద లాప్‌టాప్ పెట్టి కార్డులోంచి ఫొటోలు ఎక్కిస్తున్నాడు. ఎవరి కాలో వైరుకు తగిలి కిందపడింది. ఎక్కించాక కార్డు తుడిచి మళ్లీ వాడడం అతని అలవాటు. "అన్నా, ఇది 7200, మంచి డిస్కే" అన్నాడు. ఆన్ చేశాను. టిక్, టిక్, టిక్. మూడో టిక్‌కే ప్లగ్గు పీకేశాను. పనిచేసే డిస్క్‌లో ముల్లు పళ్లెం మీద తేలుతుంటుంది. మధ్యలో ఉండే సందు వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. తిరుగుతుండగా పడితే ముల్లు పళ్లేన్ని గీరుతుంది. ఆ తర్వాత ఆన్ చేసినకొద్దీ ఇంకా గీరుతూనే ఉంటుంది. ఆ శబ్దం వినపడితే ఇంట్లో మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకండి, ఫ్రిజ్‌లో పెట్టకండి. అలాగే రికవరీ చేసేవాళ్లకు ఇవ్వండి. అతని ఫొటోల్లో సగం కంటే తక్కువే తిరిగి వచ్చాయి. ఆ పెళ్లి పిల్ల తల్లిదండ్రులకు ఏం చెప్పాలో తెలియక ఆ కుర్రాడు నా బల్ల ముందు కూర్చున్న రాత్రి నాకిప్పటికీ గుర్తుంది.

ఎస్ఎస్‌డీ పడితే ఇలా గీసుకుపోదు. కానీ పోయేటప్పుడు హార్డ్ డిస్క్‌లా శబ్దం చేసి హెచ్చరించదు. నిన్న బాగుంది, ఇవాళ కనపడదు, అంతే. అందులో డిలీట్ చేసినవి తిరిగి రావడం కూడా కష్టం, ఖాళీ చేసిన చోటును అదే లోపల తుడిచేసుకుంటుంది. కాబట్టి రోజు పనికి ఎస్ఎస్‌డీ, దాచుకోవడానికి ఒక బయటి హార్డ్ డిస్క్. ఆ బయటిదానికి 5400 నిక్షేపంగా చాలు. ఫొటోలు ఎప్పుడూ రెండు చోట్ల ఉండాలి.

ఇక కోవూరు పెద్దాయన కాగితం. వెనకవైపు ఇలా రాసిచ్చాను: '512 జీబీ ఎస్ఎస్‌డీ. రెండో ఎం.2 స్లాట్ ఖాళీగా ఉందా అని అడగాలి. ఈఎంఎంసీ అంటే వద్దు.' ఎం.2 స్లాట్ అంటే ఎస్ఎస్‌డీ బిగించే చోటు, రెండోది ఖాళీగా ఉంటే తర్వాత ఇంకోటి పెట్టుకోవచ్చు. ఈఎంఎంసీ అనేది చౌక రకం నిల్వ చిప్, బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత మార్చలేం. ఇప్పుడు కొత్త లాప్‌టాప్‌లు చాలావరకు ఎస్ఎస్‌డీతోనే వస్తున్నాయి. సెకండ్‌హ్యాండ్ వాటిలో, '1 టీబీ' అని పెద్దక్షరాలతో అమ్మే చౌక రకాల్లో జాగ్రత్తగా ఉండాలి. ఆ పెద్దాయన కూతురికి బిల్లు కట్టేముందు చేయమని చెప్పిన పని ఒక్కటే. షాపులోనే లాప్‌టాప్ ఆన్ చేయించి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ నొక్కి, డిస్క్ పేరు కింద ఎస్ఎస్‌డీ అని ఉందో హెచ్‌డీడీ (హార్డ్ డిస్క్) అని ఉందో తనే చూసుకోమన్నాను. సాయంత్రం బస్టాండు నుంచి ఫోన్ చేసింది, "చూశానంకుల్, ఎస్ఎస్‌డీనే" అని.